మన్మాడ్ సభలో లేచిన ప్రశ్న: రిజర్వేషన్లు – కార్మిక ఐక్యత

(సమాఖ్య అధ్యయన తరగతులలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



కులవ్యవస్థ, రిజర్వేషన్లు అనే అంశం మన మహాసభల వేదికలపై కంటె వేదికల దిగువనే ఎక్కువగా చర్చకు వస్తూ ఉంటుంది. గ్యాంగు పనిముట్లు దించి విశ్రమించిన చోట, రన్నింగ్ రూములో, ఆర్.ఎం.ఎస్. సార్టింగు హాలులో, ముఖ్యంగా ప్రమోషన్ల జాబితా నోటీసు బోర్డుపై అతికించిన నాడు, ఈ చర్చ తప్పక లేస్తుంది. గొంతులు పెరుగుతాయి. నిన్నటి సమ్మెలో భుజం భుజం కలిపి నిలబడినవారు మర్నాడు మాటలు మానుకుంటారు. అందుచేత ఈ విషయాన్ని చాటుమాటు సంభాషణలకు వదలివేయక, వాస్తవాలను, లెక్కలను ముందు పెట్టుకొని, బహిరంగంగా విచారించవలసి ఉన్నది. ఈ ప్రసంగ లక్ష్యం అదే.

1938లో అడిగిన ప్రశ్న

1938 ఫిబ్రవరి 12వ తేదీన, నాసిక్ జిల్లా మన్మాడ్ జంక్షనులో, జి.ఐ.పి. రైల్వేలో పనిచేసే అణగారిన తరగతుల కార్మికుల మహాసభ జరిగింది. దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ అధ్యక్షత వహించారు. కార్మికవర్గానికి ఈ దేశంలో ఇద్దరు శత్రువులున్నారని, ఒకటి పెట్టుబడిదారీ విధానం కాగా రెండవది బ్రాహ్మణ్యమని ఆయన ఆ సభలో ప్రకటించారు. బ్రాహ్మణ్యమంటే ఒక కులానికి చెందిన మనుషులు కారని, స్వేచ్ఛను, సమానత్వాన్ని, సోదరభావాన్ని నిరాకరించే దృష్టి అని, అది అన్ని కులాలలోనూ వ్యాపించి ఉన్నదని వివరించారు.

ఆ ఉపన్యాసం కేవలం సిద్ధాంత చర్చ కాదు. రైల్వేలో అస్పృశ్య కార్మికుని స్థానమేమిటో ఆయన ఒక్కొక్క ఉద్యోగం పేరెత్తి చూపించారు. అతడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే వయసు గడుపుతున్నాడు. పోర్టరు పని సైతం అతనికి దొరకడం అరుదు. ఎందుకంటే ఆనాడు పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయవలసివచ్చేది, అంటరానివానిని ఇంటిలోనికి రానివ్వరు. గుమాస్తా ఉద్యోగాలు, వర్క్‌షాపులలోని నైపుణ్యపు పనులు అతనికి అందవు. బొంబాయి బట్టల మిల్లులలోనూ ఇదే తీరు. నేత విభాగంలో కూలి ఎక్కువ. కాని ఆ విభాగం అస్పృశ్యులకు మూసి ఉండేది. నూలును నోటితో అందుకోవలసి వస్తుంది గనుక తక్కిన నేతపనివారు ఒప్పుకోరన్నది కారణం. అక్కడ తలుపు మూసినవాడు యజమాని ఒక్కడే కాడు. తోటి కార్మికుడు కూడా.

కావున మన్మాడ్‌లో లేచిన ప్రశ్న యజమానిని ఉద్దేశించినంతగా కార్మిక సంఘాలను కూడా ఉద్దేశించినదే. కూలి పెంచమని కలసి అడిగే సంఘం, ఆ కూలి దొరికే పని అందరికీ తెరచి ఉండాలని కూడా కలసి అడుగుతుందా? అడగనినాడు అది చెప్పే ఐక్యతకు విలువ ఎంత? ఇదే ఆ ప్రశ్న. ఎనిమిది దశాబ్దాలు దాటినా ఇది మన ముందున్నది.

హక్కుగా వచ్చిన విధం

రిజర్వేషన్లు ఎవరో దయతలచి ఇచ్చినవనీ, స్వాతంత్ర్యానంతరం ఓట్ల కొరకు పుట్టించినవనీ అనడం చరిత్రకు విరుద్ధం. కొల్హాపూరు సంస్థానాధిపతి శాహూ మహారాజు 1902 జూలై 26న, తన సంస్థానంలో ఖాళీ అయ్యే ఉద్యోగాలలో సగం వెనుకబడిన వర్గాలకు కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. మైసూరు సంస్థానం మిల్లరు కమిటీ సిఫారసుల పిమ్మట 1921లో ఇట్టి చర్య తీసుకొన్నది. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జి.ఓ. 1921లో వెలువడి 1927 నాటికి ఆచరణలోనికి వచ్చింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక తెలుగువారికి ఈ విధానంతో సుమారు నూరేండ్ల పరిచయం ఉన్నది. అంతకు ముందే, 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో, పంచములని పిలువబడినవారు ఆ పేరును త్రోసిపుచ్చి ఆది ఆంధ్రులమని తమకు తామే పేరు పెట్టుకొన్నారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కేటాయింపు, డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడుగా ఉన్న కాలంలో, 1943లో వచ్చింది. 1946లో అది 12.5 శాతం అయినది. 1950లో షెడ్యూల్డు తెగలకు 5 శాతం కేటాయించారు. 1970 మార్చిలో ఈ వాటాలు 15, 7.5 శాతాలుగా స్థిరపడినవి. ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం ఇవ్వాలన్న నిర్ణయం మండల్ కమిషన్ నివేదిక ఆధారంగా 1990 ఆగస్టులో వెలువడగా, 1992 నవంబరు 16న ఇంద్రా సాహనీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సమర్థించింది; 1993లో అది అమలులోనికి వచ్చింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. రిజర్వేషన్లు పది సంవత్సరాలకే ఉద్దేశించినవని తరచుగా అంటూ ఉంటారు. రాజ్యాంగం 334వ అధికరణంలోని గడువు లోక్‌సభ, శాసనసభల స్థానాలకు సంబంధించినది. ఉద్యోగాలలో రిజర్వేషన్లకు ఆధారమైన 16(4) అధికరణంలో ఏ గడువూ లేదు. తగిన ప్రాతినిధ్యం లేని స్థితియే అక్కడి కొలమానం.

ప్రమోషన్ వివాదం రైల్వేలోనిదే

పదోన్నతులలో రిజర్వేషన్లపై న్యాయస్థానాలలో నడచిన పోరాటంలో అధికభాగం మన రైల్వే నుండే పుట్టినది. 1959లో రైల్వే బోర్డు ఇచ్చిన ఉత్తర్వులను దక్షిణ రైల్వే ఉద్యోగి రంగాచారి సవాలు చేయగా, 1961లో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో, 16(4) అధికరణం నియామకాలకే కాక పదోన్నతులకు కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 1980 నవంబరులో అఖిల భారతీయ శోషిత్ కర్మచారి సంఘ్ కేసులో రైల్వే బోర్డు సర్క్యులర్లను సమర్థించిన న్యాయమూర్తులు వి. ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారలు.

1992 తీర్పు పదోన్నతులలో రిజర్వేషన్లు చెల్లవన్నది. 1995లో 77వ సవరణ ద్వారా పార్లమెంటు 16(4ఎ) చేర్చి షెడ్యూల్డు కులాలకు, తెగలకు వాటిని నిలబెట్టింది. అదే సంవత్సరం ఉత్తర రైల్వే గార్డుల సీనియారిటీ తగవుపై వీర్‌పాల్ సింగ్ చౌహాన్ కేసు తీర్పు వచ్చింది. రిజర్వేషనుపై ముందుగా పైమెట్టు ఎక్కినవాడు, తన వెనుక అదే మెట్టుకు వచ్చిన పూర్వపు సీనియరుకు మరల జూనియరు కావలెనని ఆ తీర్పు భావం. 2001లో 85వ సవరణ దానిని తొలగించి, పదోన్నతితోపాటు సీనియారిటీ కూడా నిలుస్తుందని చెప్పింది. 2006 నాటి నాగరాజ్ తీర్పు ఈ సవరణలను ఆమోదిస్తూనే, ప్రాతినిధ్యం తక్కువగా ఉన్నదని ప్రభుత్వం గణాంకాలతో చూపాలన్న నిబంధన పెట్టింది. ఆ వర్గాలు వెనుకబడినవని మరల రుజువు చేయనవసరం లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ తీర్పులు, సవరణల నడుమ ఎన్నో సీనియారిటీ జాబితాలు తిరగవ్రాయబడినవి. ఇరవై ఏండ్లు ఒకే గ్రేడులో పనిచేసి, తన తరువాత చేరినవాడు పై అధికారిగా రావడం చూసిన ఉద్యోగి మనసు నొచ్చుకోవడం సహజం. ఆ నొప్పిని మేము తేలిక చేయము. అయితే దానికి మూలమెక్కడ అన్నది లెక్క వేసి చూడాలి.

రోస్టరు లెక్క

షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 7.5, రెండూ కలిపి 22.5 శాతం. పదోన్నతులలో వెనుకబడిన తరగతులకు గాని, 2019లో 103వ సవరణ ద్వారా వచ్చిన 10 శాతం వర్గానికి గాని కేంద్రంలో కోటా లేదు. అనగా ఒక క్యాడరులో నూరు పోస్టులుంటే 77 పోస్టులకు పైగా రిజర్వేషను లేనివే. పూర్వం 40 పాయింట్ల రోస్టరులో కులాలకు 6, తెగలకు 3 పాయింట్లు ఉండేవి. ఖాళీ వచ్చినప్పుడల్లా ఆ చక్రం తిరుగుతూ ఉండేది. 1995 నాటి సభర్వాల్ తీర్పు దరిమిలా, 1997 జూలై 2 ఉత్తర్వుతో, రోస్టరు ఖాళీలకు గాక పోస్టులకు ముడిపడినది. కోటా నిండిన తరువాత, ఏ వర్గంవాడు ఖాళీ చేసిన పాయింటు ఆ వర్గంవానికే దక్కుతుంది. 15 శాతం లెక్కన ఏడవ పాయింటు వద్ద మొదటి ఎస్.సి. పోస్టు, 7.5 శాతం లెక్కన పదునాలుగవ పాయింటు వద్ద మొదటి ఎస్.టి. పోస్టు వస్తాయి. కోటాకు మించి రిజర్వేషను వ్యాపించే వీలు ఈ పద్ధతిలో లేదు.

నేరు నియామకాలలో మరొక సంగతి. వయసులోగాని, మార్కులలోగాని ఏ సడలింపూ పొందక, తన మార్కులతోనే జనరల్ జాబితాలో నిలిచిన దళిత అభ్యర్థి ఎస్.సి. కోటాలో లెక్కకు రాడు. అతడు జనరల్ స్థానంలోనే లెక్కింపబడతాడు. ఆ స్థానం ఒకరి సొత్తు కాదు. అది అందరి పోటీకి తెరచిన స్థానం.

ఇట్లుండగా పదోన్నతులు ఎందుకు నిలచిపోతున్నవి? పైగ్రేడులలో పోస్టులు తక్కువ. క్యాడరు పునర్వ్యవస్థీకరణ జాప్యమవుతుంది. శాఖాపర పరీక్షలు సకాలంలో జరుగవు. ఖాళీలు భర్తీ కావు. మెట్లే లేనిచోట ముందెవరు ఎక్కాలన్న తగవు ఎంతకాలం సాగినా ఎవరికీ పైకి చేరే దారి ఏర్పడదు.

సమర్థత అనే వాదం

రిజర్వేషన్ల వలన సమర్థత క్షీణిస్తుందనే వాదానికి సమాధానం కూడా రైల్వే నుండే దొరికింది. ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ 1980 నుండి 2002 వరకు గల భారత రైల్వే గణాంకాలను పరిశీలించి, 2014లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. ఎస్.సి., ఎస్.టి. ఉద్యోగుల నిష్పత్తి పెరగడం వలన ఉత్పాదకత తగ్గినదనడానికి వారికి ఏ ఆధారమూ కనిపించలేదు. పై శ్రేణి ఉద్యోగాలలో ఆ నిష్పత్తి పెరిగినచోట ఉత్పాదకత మెరుగుపడిన సూచనలు కొన్ని ఫలితాలలో కనిపించినవి. ఎండలో, వానలో, అర్ధరాత్రి పట్టాల వెంట నడచి బోల్టు బిగించే పనిని ఏనాడూ ఎవరూ సమర్థత లేనివారికి అప్పగించామనలేదు. ఆ చేతులే మేట్ పుస్తకాన్నో, ఇంజనీరు సంతకాన్నో కోరినప్పుడు మాత్రమే సమర్థత ప్రశ్న లేస్తుంది.

జీతంతోపాటు వచ్చినది

ప్రభుత్వోద్యోగం దళిత కుటుంబానికి నెలజీతం ఒక్కటే ఇవ్వలేదు. ఊరి మోతుబరి కల్లానికి, అప్పుకు, వెట్టికి లోబడకుండా బ్రతికే వీలు ఇచ్చింది. నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో దళితులు చదువుకున్నారు; రైల్వేలో పనిచేసేవారూ వారిలో ఉన్నారు. తల వంచి నడవనవసరం లేని ఆ స్థితిని ఊరి పెత్తందారులు సహించలేదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు హత్యకు గురైనారు. అంతకు ఆరేండ్ల ముందు, 1985 జూలైలో, కారంచేడులో జరిగిన మారణకాండ తెలుగు ప్రజలందరికీ తెలిసినదే. హిందూ సమాజంలో కులం అనేది పెండ్లిపందిరికి, పూజామందిరానికి పరిమితమైన ఆచారం కాదు. భూమి ఎవరిది, పని ఎవరిది, దెబ్బ ఎవరికి అన్నది నిర్ణయించే కట్టడి అది. ఆ కట్టడి వెలుపల దొరికిన కొద్దిపాటి నేల రైల్వే పాసు, తపాలా సంచి, నెలజీతం. దానిని పోగొట్టుకోవడమంటే దళిత కార్మికునికి ఏమిటో తక్కినవారు గ్రహించవలసి ఉన్నది.

తపాలా శాఖలోనూ ఈ కట్టడి జాడ చూడవచ్చు. గ్రామ శాఖా తపాలా కార్యాలయానికి పోస్టుమాస్టరు తన తరఫున చోటు చూపాలి. వేరే జీవనాధారం కూడా ఉండాలి. కాగితంపై ఇది కులం పేరెత్తని నిబంధన. కాని నడివీధిలో ఇల్లు ఎవరికున్నది, పొలం ఎవరికున్నది అని అడిగితే, ఆ నిబంధన ఎవరికి అనుకూలమో ఊరిలో ఎవరైనా చెప్పగలరు.

వాటాలలోని వాటాలు

రిజర్వేషన్ల ఫలం అర్హవర్గాలలో అందరికీ సమంగా అందలేదన్న విమర్శలో సత్యమున్నది. ఆ సత్యాన్ని ముందుకు తెచ్చినవారు రిజర్వేషన్ల విరోధులు కారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇరవై ఏండ్ల తరువాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గాను, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గాను విభజించినవి. ఇవి రాష్ట్రాల ఉద్యోగాలకు, విద్యాలయాలకు సంబంధించిన ఏర్పాట్లు. మాల, మాదిగ, రెల్లి ఉద్యోగులు మన సంఘంలో ఒకే బల్లవద్ద కూర్చొని దీనిని మాట్లాడుకోగలగాలి.

అగ్రవర్ణాలలోని పేదవాని ఆకలి కూడా ఆకలియే. 2019 సవరణను 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో సమర్థించింది. అయితే వెలివేతకు చికిత్స వేరు, పేదరికానికి చికిత్స వేరు. పేదరికానికి ఉచిత విద్య, జీవన వేతనం, అందరికీ పని కావాలి. ఆ కోర్కెలపై కులభేదం లేకుండా పోరాడే బాధ్యత మనదే.

వడ్డన తగ్గుతుంటే విస్తళ్ళ తగవు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. 1990–91లో భారత రైల్వేలో సుమారు 16.5 లక్షల ఉద్యోగులుండగా, 2022–23 నాటికి ఆ సంఖ్య సుమారు 12 లక్షలు. నాలుగున్నర లక్షల ఉద్యోగాలు కనుమరుగైనవి. 22.5 శాతం చొప్పున లెక్కిస్తే అందులో ఎస్.సి., ఎస్.టి. వాటా లక్ష ఉద్యోగాలు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండానే అవి పోయినవి. మిగిలిన మూడున్నర లక్షలు తక్కిన అందరి పిల్లలకు దక్కవలసినవి. వాటిని పట్టుకొనిపోయినది దళితుడు కాదు. రోస్టరు పుస్తకం ముందు మనము తగవులాడుకొంటుండగా, ఆ పుస్తకంలోని పేజీలే చిరిగిపోతున్నవి.

కాంట్రాక్టుకు ఇచ్చిన పనికి రోస్టరు లేదు. కోచ్‌ల శుభ్రత, స్టేషన్ల శుభ్రత కాంట్రాక్టర్ల చేతికి పోయినవి. పట్టాలపై మానవ మలాన్ని చేతులతో తొలగించే పని తరతరాలుగా ఏ కులాలపై పడినదో మనకు తెలుసు. 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు వచ్చినవి. కోలారు బంగారు గనుల ప్రాంతపు తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ప్రభృతులు నడపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వ్యాజ్యంలో 2014 మార్చి 27న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, పట్టాలపై ఈ పనిని గడువు పెట్టుకొని అంతం చేయవలసినదిగా రైల్వేలను ప్రత్యేకంగా ఆదేశించింది. బయో టాయిలెట్లు వచ్చి పట్టాలపై ఆ దుస్థితి చాలవరకు తగ్గినది. అది సాంకేతిక విజ్ఞానం, ఉద్యమం కలసి సాధించిన మేలు. కాని చీపురు పట్టిన చేయి మారలేదు. పైకి పోవు పోస్టులలో వాటాను ప్రశ్నించేవారు, చీపురు పనిలో ఒకే కులాలవారు అత్యధికంగా ఎందుకున్నారని అడగడం మేము వినలేదు.

మన కర్తవ్యం

1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె ఇరవై రోజులు సాగినది. క్వార్టర్ల నుండి కుటుంబాలను గెంటివేసినప్పుడు, వేల సంఖ్యలో ఉద్యోగులను తొలగించినప్పుడు, ఎవరి కులమేమిటని ప్రభుత్వం అడగలేదు. ఆ దినాలలో ఉన్న ఐక్యత జాబితా అతికించిన నాడు కూడా ఉండాలంటే, కొన్ని పనులు మన శాఖలు చేయవలసి ఉన్నవి.

మొదటిది: ప్రతి శాఖ తన యూనిట్ రోస్టరు రిజిస్టరును అధికారుల నుండి అడిగి చూడాలి, బ్యాక్‌లాగ్ ఖాళీలెన్నో, అన్‌రిజర్వుడు ఖాళీలెన్నో ఒకే కాగితంపై వ్రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. వదంతికి విరుగుడు లెక్కయే. రెండవది: రోస్టరు ఉల్లంఘన జరిగితే దానిని ఎస్.సి., ఎస్.టి. ఉద్యోగుల సంఘం ఫిర్యాదుగా వదలివేయక, మన సంఘమే యాజమాన్యం వద్ద ఎత్తాలి. తప్పు లెక్కవల్ల జనరల్ ఉద్యోగికి అన్యాయం జరిగినా, అదే పట్టుదలతో ఎత్తాలి. మూడవది: కాంట్రాక్టు సఫాయి కార్మికులను, గ్రామీణ డాక్ సేవకులను అతిథులుగా కాక సభ్యులుగా, కార్యవర్గ సభ్యులుగా చేర్చుకోవాలి. నాలుగవది: ఖాళీల భర్తీ, క్యాడరు పునర్వ్యవస్థీకరణ, కాంట్రాక్టు విధానం రద్దు అనే కోర్కెలను రిజర్వేషన్ల పరిరక్షణతో కలిపి ఒకే కోర్కెల పత్రంగా ఉంచాలి, వాటిని విడదీసిననాడు రెండూ ఓడిపోతాయి.

రాబోవు జనాభా లెక్కలలో కులగణన జరపాలని 2025 ఏప్రిల్ 30న కేంద్రం నిర్ణయించింది. 1931 తరువాత అన్ని కులాల లెక్క మొదటిసారి రానున్నది. ఆ అంకెలు వెలువడిననాడు వివాదం మరల రగులుతుంది. అప్పటికి మన సభ్యులు వాస్తవాలతో సిద్ధంగా ఉండాలి.

మన్మాడ్ సభకు వచ్చినవారిలో పలుగు, సుత్తి పట్టి రైలుదారిని కాపాడిన గ్యాంగ్‌మన్‌లున్నారు. తమకు వేరుగా సభ ఎందుకు అవసరమైనదో వారికి తెలుసు. అట్టి వేరు సభ అవసరం లేని సంఘంగా మన సంఘాన్ని నడపడమే వారి ప్రశ్నకు మనమివ్వగల సమాధానం. ఆ సమాధానం తీర్మానాలలో కాక, రేపు మీ మీ డివిజన్లలో, మీ మీ కార్యాలయాలలో కనిపించాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!